గుమ్మడి వడియాలు చూపిన చోటు

కోడిపెట్ట మాణిక్యాంబ అమ్మమ్మ వల్లమ్మ, వాగు పొంగిన ఏడాది దిక్కులేని బాతుగుడ్లను తన గుడ్లతోపాటు పొదిగి, అన్నింటినీ పిల్లలను చేసింది. తల్లి శేషమ్మ గద్దకు ఎదురు నిలిచి పొరుగువారి పిల్లలను కాపాడి, ఒక కన్ను పోగొట్టుకుంది. అటువంటి వంశంలో పుట్టి, ఆ మార్గశిరంలో ఇద్దరు పిల్లలను పోగొట్టుకోవడం మాణిక్యాంబకు తలవంపుగా ఉండేది. ఇంకా తొమ్మిది మంది మిగిలారు.

ఆమె గూడు రేకుల కొట్టంలో ఒక మూల. ఆ కొట్టానికి పెద్ద బసవయ్య అనే ఎద్దు. పొలిమేర దాటి నూనె తేగలవాడు జంబయ్య అనే నక్క ఒక్కడే కావడంతో, సాయంకాలం గూటి ముందు దీపం పెట్టే పని అతనికి అప్పగించారు. దొంగ చేతికి తాళాలు ఇవ్వడమంటే అదే. దీపం ఆరిన రోజున ఒక పిల్ల తగ్గేది. గాలికి ఎవరేం చేయగలరని జంబయ్య కన్నీరు పెట్టేవాడు.

కాలువగట్టు కొంగ ఒకనాడు సౌరపలక సంగతి చెప్పింది. పగలంతా ఎండ తాగుతుందట. గూటి ముందు కట్టిన దాని దీపం, చుట్టూ చీకటి పడిన క్షణాన తానే వెలుగుతుందట. తెప్పిద్దామని అడిగితే బసవయ్య నెమరు ఆపకుండానే అడ్డంకులు చెప్పాడు. కప్పు అందరిదీ కనుక ఒకరి మాటపై మేకు కొట్టరాదు. రేకుకు చిల్లు పడితే వానకు తడిసేది తన వీపు. చెడిపోతే బాగుచేసేవారు కాలువకు అవతల. మేకు లేకుండా రాళ్ల బరువుతో నిలపవచ్చనీ, మరమ్మతుకు కొంగే వస్తుందనీ మాణిక్యాంబ ఓపికగా బదులు చెప్పింది. చివరకు మూడు రోజుల గడువు దొరికింది. వెలగకపోతే పలక కొంగకు, దీపం మళ్లీ జంబయ్యకు.

దిక్కులు తెలిసినవారి పని అది, ఆడవారికి శ్రమ ఎందుకంటూ జంబయ్య, కొంగ తెచ్చిన పలకను తానే పైకెక్కించి, ఉత్తరపు వాలున వేపకొమ్మ కింద అమర్చాడు. మొదటి సాయంకాలం దీపం మిణుకుమంది. రెండవనాడు అదీ లేదు. ఈ నేలకు సూర్యుడు అచ్చిరాడని జంబయ్య తేల్చాడు. ఆ రెండు రాత్రులూ బసవయ్య గూటికి అడ్డంగా పడుకున్నాడు కానీ, మూడవ రాత్రి తన వల్ల కాదన్నాడు.

మాణిక్యాంబ వాదించలేదు. రెండవనాటి ఉదయమే రెండు చేటల్లో గుమ్మడి వడియాలు పెట్టి, ఒకటి పలక పక్కన, మరొకటి ఏటా తాను ఎండబెట్టే దక్షిణపు వాలున ఉంచింది. మూడవనాటి ఉదయం వాటిని దించింది.

"బసవయ్య మామా, నా మాట వినవద్దు. వీటిని కొరికి చూడు."

మొదటిది పళ్లకు అంటుకుంది. దానిని నాలుకతో వదిలించుకోవడానికి పెద్దాయనకు చాలాసేపు పట్టింది. రెండవది కరకరలాడింది.

"రెండూ ఒకే పిండేనా?"

"ఒకే పిండి, ఒకే ఉప్పు. చోటే వేరు."

"ఈ సంగతి ముందే చెప్పకపోయావా అమ్మాయీ?"

"నన్ను ఎవరడిగారు మామా?"

బసవయ్య నెమరు ఆపాడు. కొంగను పిలిపించి, అప్పటికప్పుడే పలకను దక్షిణానికి మార్పించాడు. చెరకుతోటలో పగటినిద్ర తీస్తున్న జంబయ్యకు ఇదేమీ తెలియదు.

సాయంకాలం అతడు నూనెదీపంతో వచ్చాడు. ఆకు కూడా కదలడం లేదు. అటూ ఇటూ చూసి, దీపాన్ని తానే ఉఫ్‌మని ఊది, గూటిలోకి చేయి పెట్టాడు. చీకటి పడిన ఆ క్షణాన సౌరదీపం వెలిగింది. ఊదిన మూతి ఇంకా సున్నా చుట్టినట్లే ఉంది.

"గాలి రాలేదే, జంబయ్యా" అంది మాణిక్యాంబ.

మిగిలిన మాట బసవయ్య కొమ్ములు చెప్పాయి. జంబయ్య కుంటుతూ పొలిమేర దాటాడు.

మాణిక్యాంబ తొమ్మిది మంది పిల్లలకూ అప్పగించినవి ఇవి: రెండు చేటలు, ప్రతి ఉదయం పలకపై రెట్ట తుడిచే తడిగుడ్డ, ఒక మాట. ఎండ ఎక్కడ పడుతుందో వడియాలు పెట్టినవారిని అడగాలి. దీపం ఎందుకు ఆరిందో చీకటితో బతికేవాడిని అడగరాదు.