గోడ లేని చెయ్యి

పరాంకుశం మాస్టారు యానిమేషన్ నేర్పేటప్పుడు శిష్యుల బొమ్మ మీద ఎన్నడూ పెన్సిల్ పెట్టేవారు కాదు. కదలిక తప్పనిపిస్తే, "ఏదీ, ఒకసారి చేసి చూపించు" అనేవారు. గీసినవాళ్ళు లేచి ఆ నడకో ఆ గెంతో అందరి ముందూ చేసి తీరాలి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు తర్వాత ఎంత పెద్దవాళ్ళయినా ఆ మాటకు ఎదురు చెప్పలేరు.

ఒక ఉదయం హిమజ మండిపడుతూ ఆయన ఇంటికి వచ్చింది. దివాకర్ స్టూడియోలో ముసలివాళ్ళ పాత్రలన్నీ ఆమే గీసేది. దివాకర్ కూడా మాస్టారి శిష్యుడే, ఆమెకన్నా చాలా ముందువాడు. కప్ప గెంతు తప్పు గీసి, ఒకప్పుడు గదంతా గెంతినవాడు. హిమజ గీసిన బొమ్మలన్నిటినీ, మాట వరసకైనా అడగకుండా, అతను ఏఐకి మేపాడు. అది నేర్చేసుకుందని తేలగానే ఆమెను ఇక రావద్దన్నాడు.

"మా నాయనమ్మ నేలమీంచి లేవడం చూసి చూసి గీశాను మాస్టారూ. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద. ఆ గోడకి ఆవిడ అరచేతి జిడ్డు మరక ఇంకా ఉంది. ఇప్పుడా యంత్రం చిటికెలో ఆవిణ్ణి లేపేస్తోంది. దాన్ని బద్దలు కొట్టాలనిపిస్తోంది. దాని మీద నాకింత కోపం రావడం తప్పంటారా?"

మాస్టారు తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. చెప్పులు వేసుకుని, "పద, చూద్దాం" అని ఆమెతో దివాకర్ స్టూడియోకి బయల్దేరారు.

తోటి శిష్యురాలి పొట్ట కొట్టినవాడు ఏ మొహం పెట్టుకుని గురువుకు కాఫీ ఇస్తాడో గాని, దివాకర్ ఇచ్చాడు. కొత్త సినిమాలో ముక్క ఒకటి వేసి గర్వంగా చూపించాడు కూడా. తెర మీద, నడి పొలంలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఒక చెయ్యి మోకాలి మీద వేసి, రెండో చెయ్యి పక్కకు చాచి గాలికి ఆనించి లేచి నిలబడింది. హిమజకు ఒళ్ళు భగ్గుమంది. ఆ చెయ్యి నాయనమ్మదే. గోడ మాత్రం లేదు.

"ఆవిడ దేన్ని పట్టుకుని లేచిందిరా?" అన్నారు మాస్టారు.

"అదంతా ఎవరు చూస్తారు మాస్టారూ," అని నవ్వి, దివాకర్ హిమజ వైపు తిరిగాడు. "అంత బాధగా ఉంటే నువ్వే ఉండి ఇలాంటివి సరిచెయ్యి. నువ్వు సరిచేసేకొద్దీ అదీ నేర్చుకుంటుంది. సినిమాలో నీ పేరు వెయ్యడం మాత్రం కుదరదు."

మాస్టారు కాఫీ ముట్టలేదు. "ఏదీ, ఒకసారి చేసి చూపించు," అన్నారు.

దివాకర్ నవ్వు ఆగిపోయింది. స్టూడియోలో అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఆ మాటకు అలవాటుపడిన ఒళ్ళు కదా, నేలమీద చతికిలబడ్డాడు. ఏభై దాటినవాడు, పైగా భారీ మనిషి. ఒక చెయ్యి మోకాలి మీద వేసి, ఒక చెయ్యి గాలికి ఆనించి లేవబోయాడు. సగంలోనే మోకాలు కలుక్కుమని కూలబడ్డాడు. గాలిలో ఉన్న ఆ చేతినే హిమజ వైపు చాచాడు.

"కాస్త చెయ్యందించమ్మా."

హిమజ చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. మాస్టారు తెర వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశారు.

"ఇందాక కోపం తప్పా అని అడిగావుగా. ఆ యంత్రానికి మోకాళ్ళు లేవమ్మా, దానికి తెలీదు. వీడికి ఉన్నాయి."