చుక్కమ్మ గరుకు చేతులు

పూర్వం ఒక రాణిగారికి రోజూ నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టేది చుక్కమ్మ. ఒకనాడు ఆమె అరచేతులు రాణిగారి కంటబడ్డాయి.

"ఛీ, మొసలితోలు! వెన్నలాంటి నా ఒంటిమీద ఇవా? రేపటినుంచి పనిలోకి రాకు!"

"మొసలి వింటే నొచ్చుకుంటుందమ్మా," అంది చుక్కమ్మ. "పెళ్లిచూపుల్లో నేను దణ్ణం పెడితే, ఆ గరగరకి పెళ్లికొడుకు గోడ దూకాడు. పోతాను గానీ, ఈ పూట మీ చెలికత్తె చేత రుద్దించుకోండి. ఆవిడ చేతులు పట్టు."

చెలికత్తె చెమటలు పట్టేదాకా రుద్దింది. పిండి జారిపోయింది, మట్టి కదల్లేదు.

"చుక్కా, ఇటు తగలడవే!" అని అరిచారు రాణిగారు, వీపు గోక్కుంటూ.

చుక్కమ్మ పిండి అందుకుంది. "మనిద్దరిలో ఒక్కరమే నున్నగా ఉండగలం అమ్మగారూ. ఈ మొహానికి నునుపెందుకు? మీరే ఉంచేసుకోండి."