భైరి పడుకున్న గొంగడి

తోడేలు రెండు గొర్రెలను ఎత్తుకుపోయింది. రెండుసార్లూ కాపలా కుక్క లేవనే లేదు.

అనగనగా, గొర్రెలే సిరిగా బతికిన కాలాన, ఎర్రగట్టు కింద ఒక మంద ఉండేది. దానికి కాపలా భైరి అనే నల్లకుక్క. భైరిని పెంచింది కొమురవ్వ అనే కాపరి. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. మూడోసారి కూడా తోడేలు గొర్రెను పట్టుకుపోతే, ఆ కుక్కను గట్టు దాటించి వదిలి రావాలి. గట్టుకు అవతల చిరుతలు తిరుగుతాయి. అటు వెళ్లిన కుక్క ఏదీ తిరిగి రాలేదు.

"రెండయ్యాయి కొమురవ్వా," అన్నాడు మంద పెద్ద బీరయ్య. ఆమెకు బావ వరస. "తోడేలు నీ భైరిని దాటుకుని పోయింది. ఇంకాసేపుంటే దాని కాళ్లు కూడా ఒత్తి పోయేది."

"బద్ధకం కాదు బావా. దాని ఒంట్లో నెత్తురు లేదు."

ఆమె కుక్క చెవి తిప్పి చూపింది. లోపల నెత్తురు తాగిన పిడుదులు నానిన శనగల్లా ఉబ్బి, వరుసగా కరుచుకుని ఉన్నాయి.

"సాకు చెప్పకు. మూడోది పోతే గట్టు దాటించడమే," అని బీరయ్య వెళ్లిపోయాడు.

కొమురవ్వ ఆ రోజంతా కూర్చుని పిడుదులన్నీ ఏరి గోడవారగా పారేసింది. తెల్లవారేసరికి అన్నీ మళ్లీ ఉన్నాయి.

వాగుకు తీసుకెళ్లి కుంకుడు రసంతో రుద్ది కడిగింది. రెండు రోజులు బాగుంది. మూడో రోజుకు మళ్లీ మొదలు.

బలం వస్తే అవే పోతాయనుకుని సంకటిలో నెయ్యి కలిపి పెట్టింది. భైరి తిన్నది. తిన్నచోటే పడుకుంది.

అటుగా వచ్చిన బీరయ్య నవ్వాడు. "నెయ్యి కుక్కకు పట్టడం లేదు, పిడుదులకు పడుతోంది. ఎంత నిగనిగలాడుతున్నాయో చూడు."

అతడు వెళ్లాక, గోడమీద కూర్చున్న బూడిది అనే పిల్లి నోరు విప్పింది.

"అవ్వా, నా పిల్లల్ని ఏడిళ్లు ఎందుకు తిప్పుతానో తెలుసా?"

"నీకు నిలకడ లేక."

"అందరూ అదే అంటారు. ఒకేచోట ఎక్కువ రోజులు పడుకుంటే పడకలో పురుగు కాపురం పెడుతుంది. అది పెట్టకముందే నేను లేచిపోతాను. నీ భైరి పుట్టిన నాటినుంచి ఒక్క గొంగడిమీదే పడుకుంటోంది. నువ్వేమో గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుతున్నావు."

కొమురవ్వ గబగబా వెళ్లి గొంగడి మడత విప్పింది. అడుగున ఆవగింజలంత పిల్ల పిడుదులు వందలకొద్దీ పాకుతున్నాయి. గోడ పగుళ్లలో కూడా అవే. తాను ఏరి పారేసినవే అక్కడ చేరి గుడ్లు పెట్టాయి.

ఆ గొంగడి ఆమె తండ్రిది. ఎంత చిరిగినా గొంగడిని పారేయడం కాపరుల ఇళ్లలో లేదు. ఆమె దాన్ని ఒకసారి చేత్తో తడిమి, మంటలో వేసింది.

పొగ చూసి బీరయ్య పరుగున వచ్చాడు. "అది మీ నాయనది కదా?"

"నాయన గొర్రెల్ని కాయమని ఇచ్చాడు. పిడుదుల్ని మేపమని కాదు."

గోడ పగుళ్లకు మట్టి మెత్తి సున్నం కొట్టింది. ఏరిన పిడుదులను ఈసారి నేలమీద పారేయకుండా ఉప్పునీళ్ల ముంతలో వేసింది. పశువుల వైద్యుణ్ణి పిలిపించి, ఒంటిమీది పురుగుకు, కడుపులోని పురుగుకు మందు అడిగింది. ఏ జీవికి ఎంతో, ఏది పడదో ఆయన విడివిడిగా చెప్పాడు. అలాగే మందలోని కుక్కలన్నిటికీ వేసింది. పిల్లినీ వదల్లేదు.

"దారి చూపినందుకు ఇదా ఫలం?" అంది బూడిది, మూతి తుడుచుకుంటూ.

"ఏడిళ్లు తిరిగేదానివి. ఏ ఇంటినుంచి ఏం మోసుకొస్తావో ఎవరికి తెలుసు?"

నెల తిరిగింది. ఒక మిట్టమధ్యాహ్నం, కాపరులు సద్ది మూటలు విప్పుతుండగా, తోడేలు మూడోసారి వచ్చింది. వెనకటిలాగే భైరిని దాటబోయింది. భైరి లేచింది. దుమ్ము రేగింది, గొర్రెలు చెదిరాయి. కొమురవ్వ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

దుమ్ము అణిగేసరికి తోడేలు గట్టెక్కి పారిపోతోంది. భైరి నోట్లో దాని తోకవెంట్రుకలున్నాయి. మందలో ఒక్క గొర్రె కూడా తగ్గలేదు.

కొమురవ్వ ఊపిరి వదిలి, అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ నెలలో ఆమెకు అన్నం రుచి తెలిసింది ఆ రోజే.

"దానికి కొత్త గొంగడి నేనిస్తాను," అన్నాడు బీరయ్య, తల గోక్కుంటూ.

"వద్దు బావా. ఎండుగడ్డి చాలు. గడ్డయితే నెలనెలా కాల్చి కొత్తది పరవొచ్చు."

ప్రతి అమావాస్యకూ పడక మార్చాలని, చెవులు, వేళ్ల సందులు వెతకాలని, వైద్యుడు చెప్పిన గడువుకు మందు వేయాలని ఆమె ఆనాడే అనుకుంది. కూతురి పెళ్లిచూపులు అమావాస్య మర్నాడే వచ్చినా, ముందురోజు భైరి పడక మార్చాకే ఇల్లు అలికింది. బతికినన్నాళ్లూ ఒక్క నెల తప్పలేదు.

ఒంటిమీద ఏరితే బాధ ఆ పూటకే తగ్గుతుంది. అది పొదిగే చోటును శుభ్రం చేస్తేనే పోతుంది.