బచులి వెనక ఎవరూ లేరు

అనగా అనగా, మంచు ఎక్కువ, మనుషులు తక్కువ అయిన కాలంలో, ఉత్తరాన మంచుకొండల ఒడిలో ఒక ఊరు ఉండేది. చలికాలంలో ఆ ఊరి వాలు తెల్లగా మెరిసేది. జనం కాళ్లకు చెక్కలు కట్టుకుని దాని మీద జారేవారు. ఎండాకాలంలో అదే వాలు పచ్చబడి నీలం పూలు పూసేది. అప్పుడు వేడి దేశాల వాళ్లు చల్లదనం కోసం వచ్చి, చెక్క ఇళ్లలో దిగి, కొండ మీది మడుగు దాకా నడిచేవారు.

ఆ ఊళ్లో బచులి అనే మనిషి ఉండేది. ఇల్లు చిన్నది, గొంగళి పాతది. చలికాలంలో జారేవాళ్ల వెనక వెళ్లి, పడ్డవాళ్లను లేపేది. ఎండాకాలంలో నడిచేవాళ్ల వెనక నడిచేది. ఎప్పుడూ వెనకే. అందుకని ఊరంతా ఆమెను 'తోక' అనేది.

ముందు నడిచేవాడు దర్బాన్. పొడుగు మనిషి, పెద్ద అంగ, పెద్ద పేరు. మలుపు వచ్చినప్పుడల్లా ఆగి కేక వేసేవాడు.

"వెనక ఎవరు?"

"బచులి!"

"బచులి వెనక ఎవరు?"

"ఎవరూ లేరు!"

ఆ మాట వినబడితేనే వరస కదలాలి. వినబడకపోతే వెనక్కి తిరగాలి. అది ఆ కొండ కట్టుబాటు.

ఒక ఎండాకాలం గోదావరి వైపు నుంచి జగ్గారావు అనే ఆయన తల్లి వీరరాఘవమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, నీ మోకాళ్లతో కొండేమిటి? కిటికీలోంచి చూడు, చాలు," అన్నాడు.

"కిటికీలోంచి చూడ్డానికి ఇంత దూరం వచ్చానట్రా? ఆ మడుగులో కాళ్లు పెట్టాకే ఇంటికి!" అంది ముసలమ్మ.

దర్బాన్ నవ్వాడు. "తోక ఉందిగా బాబుగారూ. మెల్లగా ఈడ్చుకొస్తుంది."

ముసలమ్మ బచులి వైపు తిరిగింది. "తోక అంటే నీకు కోపం రాదుటే?"

"తోక లేని ఆవుకు ఈగలు ఎవరు తోలతారమ్మా?" అంది బచులి.

నడక సాగింది. దేవదారు అడవిలో దర్బాన్ కేక వేశాడు. రాళ్ల వాలు దగ్గర కేక వేశాడు. మడుగు గట్టున కేక వేశాడు. మూడుసార్లూ ఒకటే జవాబు: "బచులి వెనక ఎవరూ లేరు!"

ముసలమ్మ మడుగులో కాళ్లు పెట్టి, "చచ్చాన్రా నాయనోయ్!" అని అరిచి, చిన్నపిల్లలా నవ్వింది.

అంతలో మబ్బు కమ్మింది. "వడగళ్లు పడేలోగా దిగాలి," అని దర్బాన్ అంగలు వేశాడు. జగ్గారావు అతనితో పోటీగా నడిచాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.

రాళ్ల వాలు మీద ముసలమ్మ మోకాళ్లు మడతపడ్డాయి. బండ మీద కూలబడింది. అప్పుడే కింద నుంచి కేక వచ్చింది. "వెనక ఎవరు?"

"అందరూ వస్తున్నారని చెప్పవే తల్లీ," అంది ముసలమ్మ. "నా మూలాన వాళ్లు తడవడమెందుకు? నాకు సిగ్గుగా ఉంది."

"చెప్పనమ్మా."

"ఒక్క అబద్ధమే కదే!"

"వెనక నుంచి వచ్చే మాట ఒక్కసారి అబద్ధమైతే, ఇంక ఈ కొండ మీద ఏ మాట నమ్ముతారమ్మా?"

జవాబు వినబడకపోతే వెనక్కి వస్తారని, బచులి కేకకు పలకలేదు. కింద దర్బాన్ రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. జవాబు లేదు.

"తోకకు దారి తెలుసు. అదే వస్తుంది. పదండి," అన్నాడు.

వరస కదిలింది. ఎండ కాసేటప్పుడు కట్టుబాటు పాటించడం ఎవరికైనా సులువే. వాన వచ్చినప్పుడు పాటించినవాడే మనిషి. ఆ రోజు ఆ వరసలో అలాంటివాళ్లు లేరు.

వడగళ్లు మొదలయ్యాయి. ఎవరూ రారని బచులికి అర్థమైంది. రెండు కొండల మధ్య నీడలో, ఎండాకాలానికి కూడా కరగని మంచు పట్టీ ఒకటి ఊరి అంచు దాకా దిగుతుంది. చలికాలంలో పడ్డవాళ్లందరూ అక్కడికే దొర్లుకొచ్చేవారు. బచులికి అది సొంత వాకిలి లాంటిది. ముసలమ్మను వీపున మోసుకుని అక్కడికి చేరింది. మంచు మీద గొంగళి పరిచింది. ముసలమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేగం మితిమీరకుండా చేతికర్రను మంచులో గుచ్చి పట్టుకుంది.

"కళ్లు మూసుకోండమ్మా."

"మూసుకోను! వచ్చిందే చూడ్డానికి!"

ఇద్దరూ రయ్యిమని జారారు. దర్బాన్ వరస మలుపులు తిరిగి దిగేసరికి ముసలమ్మ చెక్క ఇంట్లో నిప్పు దగ్గర ఉంది. బచులి మాత్రం వానలో గుమ్మం ముందు నిలబడి ఉంది.

దర్బాన్ ఆమెను చూసి బిత్తరపోయాడు. బచులి అడిగింది: "వెనక ఎవరు?"

దర్బాన్ వెనక్కి తిరిగాడు. ఎవరూ పలకలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జగ్గారావు లేడు. దారిలో తల్లి కనబడక, ఎవరికీ చెప్పకుండా కొండెక్కాడు.

"నా కొడుకేడీ?" అంటూ ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

బచులి ఎవరినీ తిట్టలేదు. తడిసిన గొంగళి భుజాన వేసుకుని మళ్లీ కొండెక్కింది. దర్బాన్ తల వంచుకుని ఆమె వెనకే వెళ్లాడు.

జగ్గారావు రాళ్ల మధ్య కాలు మడతపడి, "అమ్మా! అమ్మా!" అని అరుస్తున్నాడు.

"మీ అమ్మ మీకంటే ముందే దిగింది బాబూ. నిప్పు దగ్గర కూర్చుని మిమ్మల్ని తిడుతోంది," అంది బచులి. అతను ఏడుస్తూనే నవ్వాడు.

అతని చేతికి తన కర్ర ఇచ్చి, అలవాటుగా వెనక్కి జరిగింది. దర్బాన్ అడ్డం నిలబడ్డాడు.

"వద్దక్కా. నువ్వు ముందు నడు. నేను వెనక వస్తాను."

అక్కా అనడం అదే మొదలు. బచులి అతన్ని ఎగాదిగా చూసింది. "ముందు నడిచేవాడికి కొండ కనబడుతుంది. వెనక నడిచేవాడికి మనుషులు కనబడతారు. రా, చూడు," అంది.

తరవాత చాలా ఎండాకాలాలు బచులి తన చోటనే, వెనకే నడిచింది. ఆమెను మళ్లీ ఎవరూ తోక అనలేదు. ఒక చలికాలం, పడ్డవాళ్లందరినీ లేపి ఇంటికి వచ్చి పడుకుని, మరి లేవలేదు.

మంచు కరిగి పూలు పూశాయి. వరస బయలుదేరింది. మొదటి మలుపులో దర్బాన్ అలవాటుగా కేక వేశాడు. "వెనక ఎవరు?"

జవాబు లేదు. కట్టుబాటు ప్రకారం వరసంతా వెనక్కి తిరిగింది. పచ్చటి వాలు తప్ప ఏమీ లేదు.

ఆ కొండల్లో దర్బాన్‌ను మించిన నడకగాడు లేడు. అతను ఒక్క మాట అనకుండా, అందరినీ దాటుకుంటూ వరస చివరికి నడిచాడు. అక్కడ నిలబడి కొండ దద్దరిల్లేలా పలికాడు.

"బచులి!"

"బచులి వెనక ఎవరు?" అని వరసంతా అడిగింది.

"ఎవరూ లేరు!"

ఇప్పటికీ ఆ కొండ మీద అందరికంటే బలమైనవాడే ఆఖర్న నడుస్తాడు. చలికాలంలో చెక్కల మీద జారేటప్పుడూ అంతే. అతని పేరు ఏదైనా కానివ్వండి, కేక వినబడితే బచులి అనే పలుకుతాడు. ఆ చోటు దొరికిన రోజు ఇంట్లో పాయసం వండుతారు. పిల్లలు నేను ముందంటే నేను ముందని తోసుకుంటే, ఆ ఊరి తల్లులు ఒకే మాట అంటారు:

"అంత బలముందిట్రా నీకు? అయితే వెనక నడు."