మసక వదలని ఫ్లాస్కు

ఆ ఉదయం తవిటినాయుడికి ఎస్తేరు మేడమ్ మీద పీకలదాకా కోపంగా ఉంది.

నెల రోజులు రాత్రనక పగలనక కష్టపడి అతను తయారు చేసిన ద్రవాన్ని ఆవిడ నిన్న సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేసేసింది. తాళం చెవి కొంగున ముడేసుకుంది. "నేనడిగినదానికి జవాబు చెప్పు, తర్వాత తాళం అడుగు" అని వెళ్ళిపోయింది.

ఆ అడిగింది తలుచుకుంటే నాయుడికి నవ్వూ వస్తోంది, ఒళ్ళూ మండుతోంది.

అతను చేసింది అయానిక్ లిక్విడ్. అంటే ఉప్పే. కాకపోతే నీళ్ళలో కలపకుండా, పొయ్యి మీద పెట్టకుండా, మామూలుగానే నూనెలా జారే ఉప్పు. ల్యాబులో వాడే మిగతా ద్రావకాలు మూత తీస్తే చాలు, ముక్కు అదిరిపోతుంది. నిప్పు తగిలితే భగ్గుమంటాయి. ఇది అలా కాదు. వాసన లేదు. ఆవిరవదు. అగ్గిపుల్ల దగ్గర పెట్టినా అంటుకోదు. నాయుడు తోటి స్కాలర్ల ముందు పుల్ల గీసి మరీ చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి అతను చేతికి గ్లవ్స్ తొడగడం మానేశాడు.

ఆ ఉత్త చేతులు నిన్న మేడమ్ కంటపడ్డాయి.

"గ్లవ్స్ ఏవి?"

"దీనికెందుకు మేడమ్. ఇది ఆవిరి కూడా అవదు."

"ఆవిరవకపోతే ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు."

"పోకపోతే ఎక్కడుంటుంది?"

"సీసాలో ఉంటుంది మేడమ్" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. సీసా తీసుకుని బీరువా దగ్గరికి నడిచింది.

ఎస్తేరు మేడమ్ మాట కటువు. చిన్నప్పుడు పొగాకు షెడ్లలో ఆకు ఏరి, ఆ కూలితో చదువుకున్న మనిషి. ప్రొఫెసరైనా ఆ షెడ్డు గొంతు పోలేదు. తన దగ్గర చేరినవాళ్ళకి మొదటిరోజే ఒక మాట చెప్పేది. "నీకు తెలియనిది నువ్వు ముట్టుకోకు, ఇంకొకళ్ళ చేత ముట్టించకు." అందులో మొదటి సగమే అందరికీ గుర్తుండేది.

ఎందుకంటే ఆ ల్యాబులో ఒక అలవాటు ఉంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఎవరి గాజుసామాను వాళ్ళు నీళ్ళతొట్టిలో ముంచేసి పోతారు. పొద్దున్నే సన్యాసమ్మ వచ్చి అన్నీ తోమి బోర్లిస్తుంది. తొట్టిలో పడేసినదాని గురించి మళ్ళీ ఆలోచించిన స్కాలరు అక్కడ పుట్టలేదు. పెద్ద పెద్ద చదువులు అక్కడిదాకానే. తొట్టి అంచు దాటితే అది సన్యాసమ్మ పని.

నిన్న నాయుడూ అదే చేశాడు. ద్రవాన్ని నీళ్ళతో కలిపి రోజంతా మరిగించిన ఫ్లాస్కును, అడుగున మిగిలినదానితో సహా, తొట్టిలో ముంచి, తలుపు దభాలున వేసి హాస్టలుకి పోయాడు. ఫ్లాస్కు మీద పేరు రాయలేదు. లోపల ఉన్నది ఏమిటో రాయలేదు.

ఇప్పుడు తాళం చెవి అడగడానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

తొట్టి దగ్గర ఎస్తేరు మేడమ్ నిలబడి ఉంది. కొంగు నడుముకి దోపింది. గాజులూ వాచీ తీసి కిటికీలో పెట్టింది. ఉత్త చేతులతో, పక్కన పెట్టుకున్న బేసిన్లో, సబ్బుపొడి నురగలో, ఎవరిదో బీకరు తోముతోంది.

"సన్యాసమ్మ రాలేదా మేడమ్?"

"వచ్చింది. నా గదిలో కూచోబెట్టాను. ఇవాళ తొట్టి నాది."

ఇదేం నాటకమో అనుకున్నాడు నాయుడు. "తాళం చెవి..." అని నసిగాడు.

"ఇస్తాను. ముందు ఇది తోము."

పక్కన బల్ల మీద బోర్లించి ఉన్న ఫ్లాస్కు తీసి అతని చేతిలో పెట్టింది. పోయిన వారం అతను వాడినదే.

"ఇది కడిగిందే కదా మేడమ్."

"సన్యాసమ్మ మూడుసార్లు కడిగిందట. మసక వదల్లేదని నాకు తెచ్చి చూపించింది. మళ్ళీ నువ్వు తిడతావని భయం."

నాయుడికి గుర్తొచ్చింది. పోయిన వారం ఇదే ఫ్లాస్కు సన్యాసమ్మ ముందు పెట్టి, "కళ్ళు కనపడవా" అన్నాడు. ఆవిడకి అతని తల్లి వయసుంటుంది.

నాయుడు బ్రష్షు తీసుకున్నాడు. సబ్బుపొడి వేసి తోమాడు. కడిగాడు. మసక అలాగే ఉంది. మళ్ళీ తోమాడు. ఆవిడ పక్కన బీకరు బోర్లించి, తొట్టిలోంచి పటకారుతో గరాటు తీసింది.

"ఈ ఊరి నీళ్ళు మంచివి కావు మేడమ్. నీళ్ళ మరకే ఇది."

"అయితే పోవాలిగా. గట్టిగా తోము. అన్నం తినేవాడివేగా."

గట్టిగా తోమాడు. చెయ్యి నొప్పి పుట్టింది. ఆవిడ గరాటు, పరీక్షనాళికలు తోమేసి, ఇంకో బీకరు దగ్గరికి వచ్చింది. తొట్టి ఖాళీ అవుతోంది. మూలన అతని ఫ్లాస్కు ఒక్కటీ నీళ్ళలో మునిగి ఉంది. లోపల ద్రవం నీళ్ళ కింద నీళ్ళలాగే కూచుంది. చూసేవాళ్ళకి అక్కడేమీ లేదు.

నాయుడు చేతిలోది చొక్కాకి తుడిచి కిటికీ వెలుగుకి ఎత్తాడు.

మసక ఫ్లాస్కు అంతా లేదు. ఒక గీత దగ్గర ఆగిపోయింది. గీతకి పైన గాజు కొత్తదానిలా మెరుస్తోంది. గీతకి కింద, ద్రవం మరిగినంత మేరా, పాలు పోసి ఆరబెట్టినట్టు తెల్లగా ఉంది.

గాజుకడ్డీ తీసుకుని లోపల మెల్లగా గీశాడు. పైన జారింది. గీత దాటగానే గరగరమంది.

గాజుకి ఏదీ అంటుకోలేదు. అందుకే తోమితే పోవడం లేదు. గాజే పోయింది. ఏదో దాన్ని తినేసింది.

గాజును తినేది ఏదో కెమిస్ట్రీ చదివిన ఎవరికైనా తెలుసు. నాయుడు పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాడు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. గాజుసీసాలో దాచలేక ప్లాస్టిక్ సీసాలో దాచే ఆమ్లం. అతని ద్రవంలో ఫ్లోరిన్ ఉంది. నీళ్ళు తగిలి, పొద్దస్తమానం మరిగితే అది విరుగుతుంది. విరిగితే ఈ ఆమ్లం పుడుతుంది. ఎక్కడో ఒక వ్యాసంలో ఆ ముక్క చదివాడు. తనకి కావలసింది అది కాదు కాబట్టి పేజీ తిప్పేశాడు.

ఇంకోటి కూడా చదివాడు. అది పలచగా ఉంటే ఒంటికి తగలగానే మంట పుట్టదు. చర్మం దాటి లోపలికి దిగుతుంది. ఎముక దగ్గర పని మొదలుపెట్టాక, ఎప్పటికో నొప్పి తెలుస్తుంది. అప్పటికి చేయవలసింది చేసే సమయం దాటిపోవచ్చు.

తలెత్తాడు. ఆవిడ ఆఖరి బీకరు బోర్లించి, పటకారు పక్కన పెట్టి, తడి చెయ్యి తొట్టి మూలకి చాపుతోంది.

"మేడమ్."

"ఊఁ."

"అది నాది. నేను తోముకుంటాను."

"తొట్టిలో వేశావుగా. తొట్టిలో వేసింది నీ పని కాదుగా."

చెయ్యి ఆగలేదు.

"వద్దు మేడమ్."

"ఎందుకు?" ఆవిడ తల తిప్పలేదు. "వాసన లేదు. ఆవిరి లేదు. అగ్గిపుల్లకి అంటుకోదు. అందరికీ చూపించావట."

వేళ్ళు నీళ్ళకి జానెడు దూరంలోకి వచ్చాయి. తర్వాత బెత్తెడు.

నాయుడి చేతిలోంచి ఫ్లాస్కు జారి నేల మీద పడి పగిలింది. అతను అటు చూడలేదు. రెండు చేతులతో ఆవిడ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ ల్యాబులో అంత చనువు ఎవరికీ లేదు. ఆవిడ ఎదురుగా గొంతు పెంచడానికే భయపడేవాళ్ళు. అతను మాత్రం వదల్లేదు.

ఎస్తేరు మేడమ్ ముందు ఆ పట్టుకేసి చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసింది.

"ఇంత గట్టిగా పట్టుకోగలవా నువ్వు" అంది నెమ్మదిగా. "మరి నిన్న సాయంత్రం ఎవరి చెయ్యనుకుని వదిలేశావు?"

నాయుడి చేతులు వాటంతటవే విడిపోయాయి.

ఆవిడ చేతులు తుడుచుకుంది. గాజులు తొడుక్కుంది. కొంగు ముడి విప్పి తాళం చెవి కిటికీలో పెట్టింది. సొరుగులోంచి మందపాటి గ్లవ్స్, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మూలనున్న ప్లాస్టిక్ డబ్బాని కాలితో అతని వైపు జరిపింది.

"ఫ్లాస్కులోదీ, తొట్టిలో నీళ్ళూ, బేసిన్లోవీ, ఆ బ్రష్షూ, అన్నీ ఇందులోకి. ఒక్క చుక్క తూములోకి పోకూడదు. అది కింద వాగులో కలుస్తుంది, ఆ గెడ్డలో చేపలు పట్టుకునేవాళ్ళున్నారు. డబ్బా మీద ఏం రాయాలో నీకు తెలుసు."

"మేడమ్, సన్యాసమ్మ..."

"ఇవాళ్టిది ముట్టుకోలేదు. గుమ్మంలోనే ఆపాను. పోయిన వారం మూడుసార్లు తోమిందే, దాని సంగతి నాకు తెలియదు. అంతకుముందువి కూడా తెలియదు. నీకు తెలుసా?"

అతను డబ్బా మూత తీశాడు.

"సన్యాసమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆటోకి చెప్పాను" అంది ఆవిడ, వెళ్ళిపోతూ.

నాయుడు గ్లవ్స్ తీసుకున్నాడు. వెలుగుకి పెట్టి ఎక్కడా చిల్లి లేదని చూసి తొడుక్కున్నాడు. ఫ్లాస్కు ఎత్తాడు. డబ్బాలోకి వంచితే ఆ ద్రవం వాసన లేకుండా, పొగ లేకుండా, తేనెలా, ఎంతో బుద్ధిమంతంగా దిగింది. తొట్టి నీళ్ళూ బేసిన్లోవీ చెంబుతో ముంచి పోశాడు. బ్రష్షు వేశాడు. తొట్టి అంచు తుడిచాడు. కుళాయి పిడి తుడిచాడు. తలుపు గడియ దగ్గర ఆగాడు. గ్లవ్స్ మానేసిన దగ్గర్నుంచి ఉత్త చేతులతో తను ఏవేం ముట్టుకున్నాడో ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. బల్ల. కుర్చీ. టీ గ్లాసు. గడియ కూడా తుడిచాడు.

పగిలిన గాజుపెంకులు ఏరి వేరే డబ్బాలో వేసి, గ్లవ్స్ విప్పి, చేతులు కడుక్కుని, మేడమ్ గదికి పరుగెత్తాడు. తాళం చెవి కిటికీలోనే ఉండిపోయింది.

సన్యాసమ్మ మేడమ్ కుర్చీ కొసన కూచుని టీ తాగుతోంది. ఇతన్ని చూడగానే గ్లాసు కింద పెట్టి లేచి, చేతులు కొంగు చాటుకి లాక్కుంది.

"నాను బాగానే తోమినాను బాబూ. ఎంత తోమినా ఆ మసక పోనేదు."

"కూచో అమ్మా. చేతులు చూపించు."

ఆవిడ నమ్మలేదు. నాయుడు నేల మీద గొంతుక్కూచుని తనే ఆ చేతులు ముందుకు తీసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. సబ్బుకి పాలిపోయిన చర్మం. గోళ్ళ పక్కన చీలికలు. వేళ్ళ కొసల మీద తెల్లటి పగుళ్ళు. ఏళ్ళ తరబడి పడినవి, ఒకదాని మీద ఒకటి. అందులో తనవి ఏవో అతనికి తెలియడం లేదు.

"ఏటి బాబూ, జాతకం సూత్తన్నావేటి" అని నవ్వింది సన్యాసమ్మ. "బాగుందా మరి?"

బయట ఆటో వచ్చి ఆగింది. గుమ్మంలో ఎస్తేరు మేడమ్ నీడ పడింది.

"ఆవిరవకపోతే ఎక్కడుంటుంది నాయుడూ?"

తవిటినాయుడు సన్యాసమ్మ అరచేతుల్ని గుమ్మం వైపు తిప్పాడు. ఆ చేతులు పట్టుకునే ఉన్నాడు.