రెండో కప్పుకు కూర్చోనివాడు

జోగినాథం మాస్టారి ఇంటికి వెళ్ళినవాళ్ళను ఆయన ఒక్క కప్పు కాఫీతో లేవనివ్వరు. గుప్పెట్లో ఇమిడిపోయే చిన్న కప్పుల్లో మూడుసార్లు పోస్తారు. పార్వతీపురంలో అందరూ దాన్ని ఆయన చాదస్తం అనుకుంటారు. సుగుణ వచ్చిన రోజు వరకు నేనూ అలాగే అనుకున్నాను.

సుగుణ ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. మాల్దీవుల్లో ఒక దీవి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. బడి తెరవడానికి రెండు వారాల ముందే వెళ్ళి కుదురుకోవాలట. మూడు తాళాలు కొన్నానని, అక్కడ గది అద్దెకిస్తానన్న ఇంటావిడ పంపిన ఫోటోలు నలుగురికి చూపించి నిజమైనవేనా అని అడిగానని చెప్పి, అసలు సంగతికి వచ్చింది: "అక్కడ ఎవరిని నమ్మాలో ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

ఆమె అనుమానాన్ని నేను తప్పుపట్టను. ఉద్యోగాలిప్పిస్తామని పాస్‌పోర్టులు లాక్కునే దళారులను నా కళ్ళతో చూశాను. అనుమానం లేనివాడు పరాయి దేశంలో వారం నిలవడు. మాస్టారు కూడా నమ్మమని గానీ వద్దని గానీ అనలేదు. మొదటి కప్పు పోసి, ఒక లెక్కల టీచరు సంగతి ఎత్తుకున్నారు.

ఆ టీచరు ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇథియోపియాలో ఒక కొండపట్నం చేరాడు. బడి తెరవడానికి ఇంకా పదిహేను రోజులుంది. నాలుగు వాటాల లోగిలిలో ఒక గది దొరికింది. అక్కడ లోగిలి గేటుకే తప్ప గదులకు ఎవరూ తాళం వేసుకోరు. ఇతను మాత్రం కుళాయి దగ్గరికి వెళ్ళినా తాళం వేసి, రెండుసార్లు లాగి చూసేవాడు. పక్క వాటాలో వర్కినేష్ అనే ముసలావిడ రోజూ కాఫీకి పిలిచేది. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి పొగ వేసి, అతని ఎదుటే గింజలు వేయించేది. ఆ గడ్డీ పొగా చూసి ఇదేదో చేతబడి అనుకున్నాడు. ఆవిడ తాగేదాకా తన కప్పు ముట్టేవాడు కాదు. ఒక్కటి తాగి, రెండోది పోయబోతే చాలు చాలంటూ చెయ్యి అడ్డం పెట్టి లేచిపోయేవాడు. మన ఇళ్ళలో అది మర్యాదే. పైగా ఊరికే ఎందుకు పిలుస్తోంది, ఏం అడగబోతోంది అన్న గుబులొకటి.

బడి ఇంకో రెండు రోజుల్లో తెరుస్తారనగా పేట కార్యాలయంవాళ్ళు అతని నివాస పత్రం ఆపేశారు. ఇతను మాకు తెలుసునని ఇరుగుపొరుగు ఇద్దరు వచ్చి చెప్పాలన్నారు. పత్రం లేకపోతే ఉద్యోగంలో చేర్చుకోరు. వెనక్కి వస్తే ఇక్కడి ఉద్యోగమూ లేదు. లోగిలిలో అందరినీ అడిగాడు. వాళ్ళు అతని తలుపుకున్న తాళం వంక చూసి, తెలియని మనిషి గురించి ఏం చెబుతామన్నారు. ఆ గదిలో ఏం దాచాడు, సొంత దేశంలో ఏం చేసి పారిపోయి వచ్చాడు అని పన్నెండు రోజులుగా కుంపటి చుట్టూ ఇతని మాటేనట.

చివరికి వర్కినేష్ గుమ్మంలో నిలబడ్డాడు. కాస్త ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆవిడ. తమ దగ్గర కాఫీ అంటే మూడు కప్పులని, మొదటిదానికే లేచేవాడికి ఈ లోగిలితో పని లేదనుకున్నామని చెప్పింది.

"నేను దొంగని కాదమ్మా."

"అయ్యుండవు. అది నాకెలా తెలియాలి? నీకు ధైర్యం రావాలని రోజూ నేను ముందు తాగి చూపించాను. నువ్వేం చూపించావు?"

అంటూనే కుంపటి రాజేసింది. ఈసారి ఆవిడకంటే ముందే తాగి నాలుక కాల్చుకున్నాడు. రెండో కప్పుకు తన ఊరు, వదులుకొచ్చిన ఉద్యోగం, రానంటే రానని ఏడ్చిన భార్య సంగతి చెప్పాడు. లేచి వెళ్ళి తన గది తలుపు బార్లా తీసి వచ్చాడు. లోగిలంతా వచ్చి తొంగిచూసింది. ఒక ట్రంకుపెట్టె, ఆవకాయ జాడీ, బడికని ఇస్త్రీ చేసి మేకుకు తగిలించిన చొక్కా. అంతే. మూడో కప్పు అయ్యాక వర్కినేష్ చెప్పులు వేసుకుంది. ఆవకాయ రుచి చూసి కళ్ళు తుడుచుకుంటున్న ఎదురు వాటా దర్జీ రెండో సాక్షిగా వెంట నడిచాడు.

సుగుణ ఊరుకోలేదు. "అయితే తర్వాత తాళం వెయ్యడం మానేశాడా మాస్టారూ?"

"ఎందుకు మానేస్తాను?" అంటూ మాస్టారు రెండో కప్పు పోయడానికి కాఫీ గిన్నె ఎత్తారు. ఆమె అలవాటుగా కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టి ఉంది. ఆయన పోయకుండా ఆ చేతినే చూస్తూ అన్నారు:

"తాళాలు మూడూ పట్టుకెళ్ళమ్మా. చెయ్యి మాత్రం తియ్యి."