ఆపేటప్పటి వరస

తాతారావుకి అన్నం సహించేలా లేదు. మూడింటికల్లా రక్తనిధికి వెళ్లి తన ప్రోగ్రాము నడిపి చూపించాలి. అతను సొంతంగా రాసిన మొదటిది అదే.

అందులో ఏడు మాడ్యూళ్లు, ఒక్కోటీ ఒక్కో పని చేసే ముక్క. తెరవగానే ఒకదాని వెనక ఒకటి ముచ్చటగా లేస్తున్నాయి: ముందు వివరాలు దాచేది, తర్వాత రక్తం గ్రూపు సరిచూసేది, అలా ఆఖర్న దాతల పేర్లు రాసుకునేది. తంటా అంతా మూసేటప్పుడే. ఆపి మళ్లీ తెరిస్తే చివరి దాత మాయం! పొద్దున్నుంచి ముప్ఫైసార్లు ఆపాడు. ముప్ఫైసార్లూ అదే గతి. రక్తం విషయంలో ఒక్క పేరు పోయినా ప్రాణం మీదికొస్తుంది.

"ఏ వరసలో ఆపుతున్నావయ్యా?" అడిగారు హైమవతిగారు. రాజమండ్రిలో తన మేడమీద ఆరుగురికి ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారావిడ. మధ్యాహ్నం అందరికీ తనే వడ్డిస్తారు.

"లేచిన వరసలోనేనండి. ముందొచ్చింది ముందు పోవాలి. న్యాయం కదండీ!" అన్నాడు తాతారావు, కాస్త గొప్పగానే.

ఆవిడ అతన్ని మిగతావాళ్లతో పాటు పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేశారు. వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వడ్డించారు. తాతారావు కలిపి మొదటి ముద్ద ఎత్తాడో లేదో, విస్తరి చటుక్కున లాగేసుకున్నారు.

"టీచరుగారూ! ఇంకా తిననేలేదండీ!"

"ముందొచ్చింది విస్తరే కదయ్యా. న్యాయం."

పంక్తి అంతా గొల్లున నవ్వింది. తాతారావు నవ్వలేదు. ఖాళీ నేలకేసి కాసేపు గుడ్లప్పగించి చూసి, ఒక్క గెంతున లేచాడు.

"తెలిసిపోయిందండీ! దాచేది ముందే మూసేస్తే చివరి పేరు ఎక్కడ దాచుకుంటుంది! ఆఖర్న లేచినదాన్ని ముందు ఆపాలి!" కంప్యూటరు వైపు పరుగు తీయబోయాడు.

"చేతిలో ముద్ద ఉంది," అన్నారావిడ.

అతను ఆగిపోయాడు. ముద్దని చూశాడు. నోట్లో పెట్టుకుని పూర్తిగా నమిలి మింగాడు. అందాకా ఆవిడ విస్తరి పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

చేయి కడుక్కుని వెళ్లి వరస తిరగేశాడు. ఒక్కో మాడ్యూలూ తన చేతిలో పని అయిందని చెప్పాకే దానికన్నా ముందు లేచింది ఆగేలా మార్చాడు. ప్రోగ్రాముని ఆపాడు. తెరిచాడు.

"ఉందండీ! చివరి దాత ఉంది! వీరవేణి, ఓ నెగటివ్!"

ఆ కేకకి మేడంతా అదిరింది. పంక్తిలో ఐదుగురూ ఎంగిలిచేతులతోనే లేవబోయారు. హైమవతిగారి మొహం వెలిగిపోతోంది, అయినా చెయ్యెత్తి వాళ్లని ఆపారు.

"ముందు తినడం కానివ్వండి."